నోటికి రావడం వేరు, చదవడం రావడం వేరు: గోదావరి డెల్టా బడుల్లో ఇంగ్లిషు

గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల్లో ‘కరెంటు’ అన్న మాట పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. గాలివాన వస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే రొయ్యల చెరువు మీద నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటరు అందుకోకపోతే తెల్లారేసరికి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. అలాంటి ఊరి నుంచి రోజూ పడవ మీద పాయ దాటి బడికి వచ్చే ఏడో తరగతి అమ్మాయిని ఒకరిని ఊహించుకుందాం. ఇంగ్లిషు పాఠంలో పడవ ప్రయాణం కథ ఉంది. ‘ద కరెంట్ వాజ్ స్ట్రాంగ్ అండ్ ద బ్యాంక్ వాజ్ స్లిపరీ’ అన్న వాక్యాన్ని ఆ అమ్మాయి ఎక్కడా తడబడకుండా పైకి చదువుతుంది. అర్థం చెప్పమంటే, కరెంటు ఎక్కువగా ఉందనీ, బ్యాంకులో ఏదో అయిందనీ అంటుంది. ఏటి వడి అంటే ఏమిటో, వరద నీరు తగ్గాక ఒండ్రు పట్టిన గట్టు ఎంత జారుతుందో ఆ తరగతి గదిలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తనకు బాగా తెలిసిన సంగతే ఆ వాక్యంలో ఉన్నా, అది ఆమె దాకా చేరలేదు.

ఈ అమ్మాయికి ఇంగ్లిషు చదవడం వచ్చినట్టా, రానట్టా? తెలుగులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కొంచెం కష్టం. అక్షరాలు చూసి పైకి పలకడమూ చదవడమే, పాఠాన్ని వల్లెవేసి కంఠతా పట్టడమూ చదవడమే, కళ్లతో చూసి లోపల అర్థం చేసుకోవడమూ చదవడమే, అసలు బడికి వెళ్లి ఒక స్థితికి రావడాన్నే మనం చదువుకోవడం అంటాం. ‘మావాడు ఇంగ్లిషు గడగడా చదివేస్తాడండీ’ అని అమలాపురంలోనో పాలకొల్లులోనో ఒక తండ్రి సంబరంగా చెప్పినప్పుడు, ఈ నాలుగింటిలో ఏది వచ్చిందని ఆ మాటకు అర్థమో ఆయనా విడదీసి చూసుకోడు, వినేవాళ్లూ అడగరు. బడి కూడా చాలాసార్లు మొదటి రెండింటి దగ్గరే తృప్తిపడుతుంది.

ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడాన్ని రెండు పనుల లబ్ధంగా వివరించారు. అచ్చులో ఉన్న గుర్తులను మాటలుగా విప్పగలగడం ఒకటి, ఆ భాషను చెవితో విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెండింటినీ కూడకూడదు, హెచ్చవేయాలన్నది వారి సూత్రంలోని కీలకం. హెచ్చవేతలో ఒకవైపు సున్నా ఉంటే రెండోవైపు ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. మాతృభాషలో చదవడం మొదలుపెట్టే పిల్లవాడు రెండో భాగాన్ని ఇంటి దగ్గరే దాదాపు సిద్ధం చేసుకుని బడికి వస్తాడు; బడి మొదటిది నేర్పితే చాలు, రెండూ కలిసి పనిచేయడం మొదలవుతుంది. అదనపు భాషలో ఆ సౌకర్యం లేదు. లిపినీ భాషనూ ఒకేసారి నేర్చుకోవాలి, అదీ ఊళ్లో ఎవరూ మాట్లాడని భాషను. గోదావరి జిల్లాల బడుల్లో ఇంగ్లిషు గురించి జరిగే వాదోపవాదాల్లో తరచుగా మరుగున పడేది ఈ తేడాయే.

లిపి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే తెలుగు పిల్లలకు అక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగు చదువు అక్షరంతో మొదలవుతుంది. మన అక్షరం ఒక విడి ధ్వనికి గుర్తు కాదు, నోట ఒక్కసారిగా పలికే పలుకుకు గుర్తు. ‘కొబ్బరి’ అన్న మాట పిల్లవాడి చెవికి కొ, బ్బ, రి అన్న మూడు ముక్కలుగా వినపడుతుంది, పలక మీదా మూడు ముక్కలుగానే కనపడుతుంది. గుణింతాలూ ఒత్తులూ కలుపుకుంటే గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లోకి వెళతాయి కాబట్టి అది త్వరగా అయ్యే పని కాదు. తెలుగు లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాల మీద పట్టు సాధించే పని నాలుగైదు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందనీ, మాటను విడి ధ్వనులుగా విడగొట్టే నేర్పు అంతకంటే నెమ్మదిగా వస్తుందనీ చూపింది. పట్టు చిక్కాక మాత్రం ఇక తిరుగు లేదు. ఎన్నడూ వినని ఊరి పేరైనా, అర్థం తెలియని సమాసమైనా చూసింది చూసినట్టు పలికితే సరిపోతుంది.

ఇంగ్లిషు అక్షరం ఇలా నడవదు. 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులను రాయాలి. అందులో ఇరవై దాకా ఉన్న అచ్చు ధ్వనులకు ప్రధానంగా దొరికేవి ఐదు గుర్తులే. ‘కె’ అని పేరున్న అక్షరం మాటలో పలికేది ‘క’ కాదు, ఒట్టి పొల్లు ‘క్’. తెలుగు చెవికి పొల్లును విడిగా పట్టుకునే అలవాటు తక్కువ. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టే బస్ మనకు బస్సయింది, బుక్ బుక్కయింది. లంకలో పుట్టిన పిల్లవాడికి తన ఊరిని ఇంగ్లిషులో ఏమంటారో ఆ మాటే తొలి పరీక్ష అవుతుంది. ఐ, ఎస్, ఎల్, ఏ, ఎన్, డి అన్న ఆరు అక్షరాలను తెలుగు అలవాటు ప్రకారం కలిపితే ‘ఇస్లాండ్’ వస్తుంది. ‘ఐలాండ్’ అని మాస్టారు దిద్దుతారు. మధ్యలో ఉన్న ఎస్ పలకకపోవడానికి పిల్లవాడికి చెప్పదగిన సూత్రమేదీ లేదు. లాటిన్ మూలం ఉన్న మరో మాట పోలికతో కొన్ని శతాబ్దాల కిందట దాన్ని అందులో ఇరికించారు, అది అలాగే ఉండిపోయింది. ఇంగ్లిషే మాతృభాష అయిన పిల్లలకు కూడా ఈ లిపి కష్టమే. ఫిలిప్ సీమోర్ బృందం 13 ఐరోపా భాషల్లో తొలి చదువును పోల్చి 2003లో వెలువరించిన అధ్యయనంలో, చదువుకు పునాది పడడానికి ఇంగ్లిషు పిల్లలకు తక్కిన చాలా భాషల పిల్లల కంటే రెట్టింపునకు మించిన కాలం పట్టిందని తేలింది.

ఈ కష్టానికి పిల్లలు తమంతట తాము కనిపెట్టుకున్న ఉపాయం వారి పుస్తకాల్లోనే కనపడుతుంది. ఇంగ్లిషు వాచకంలో వరుసల మధ్య సందులో, పెన్సిలుతో, చీమల బారులా తెలుగు అక్షరాలు ఉంటాయి. మాస్టారు ఒకసారి చదువుతుండగా చెవిన పడ్డది పడ్డట్టు ఇంగ్లిషు మాట నెత్తిన తెలుగులో రాసుకున్నదే ఆ రాత. మర్నాడు పైకి చదవమన్నప్పుడు కన్ను ఆ తెలుగు వరుస మీదే నడుస్తుంది, కింద ఉన్న ఇంగ్లిషు అచ్చు మీదికి దిగదు. వినేవారికి పాఠం చక్కగా చదివినట్టే ఉంటుంది. కొన్ని గైడులైతే ఆ పెన్సిలు శ్రమ కూడా లేకుండా తెలుగు లిపిలోనే అచ్చువేసి ఇస్తాయి. దీనివల్ల జరిగే నష్టం నిశ్శబ్దంగా జరుగుతుంది. ఇంగ్లిషు అక్షరాల కూర్పుకూ ధ్వనికీ మధ్య లంకె పడాలంటే కన్ను ఆ కూర్పు మీద కాసేపు ఆగి తడుముకోవాలి. తడుముకునే అవసరాన్నే ఈ ఉపాయం తీసేస్తుంది. అయినా దాన్ని దొంగతనంగా చూసి కొట్టివేయించడం సరి కాదు. తెలిసిన లిపిని ఊతంగా చేసుకుని తెలియని దాన్ని అందుకోవాలన్న తెలివి అందులో ఉంది. వరుసంతా కాకుండా తనను ఇబ్బంది పెట్టిన రెండు మూడు మాటలకే రాసుకోమని చెప్పి, రెండో రోజు దాన్ని చెరిపి చదవమంటే అదే ఊతం మెట్టుగా మారుతుంది. పైగా ఓపిగ్గా చూసే ఉపాధ్యాయుడికి ఆ పెన్సిలు రాత పిల్లవాడు ఏం విన్నాడో, ఏ ధ్వని దగ్గర ఆగిపోయాడో చెప్పే చిట్టా.

ఇంగ్లిషు ధ్వనులను పట్టుకోవడానికి తెలుగు రాతలో ఇప్పటికే కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. బ్యాగు, ట్యాంకు, మ్యాపు, క్యాంపు అన్న మాటల్లో ‘య’ ఒత్తు పెట్టి దీర్ఘం తీస్తున్నది ఇంగ్లిషులో ‘ఏ’ అక్షరం రెండు హల్లుల మధ్య తరచుగా పలికే ధ్వని కోసమే. పిల్లలు రోజూ వాడే ఈ నాలుగైదు మాటలను నల్లబల్ల మీద ఇంగ్లిషులో ఒకదాని కింద ఒకటి రాసి చూపితే ‘ఏ’ అన్న అక్షరం ఇక్కడ ఏం చేస్తోందో వారే పట్టుకోగలరు.

మాటల విషయంలో డెల్టా పిల్లలు తమకు తెలియదనుకునేంత బీదవారు కారు. మోటారు, పంపు, పైపు, వాల్వు, ట్రాక్టరు, టిక్కెట్టు, ఫీజు, బిల్లు లాంటి మాటలు వందల కొద్దీ వారి నోట్లో ఉన్నాయి. రొయ్యల చెరువుల కుటుంబాల్లో సీడు, ఫీడు, కౌంటు, చెక్‌ట్రే, లీజు అన్నవి ఇంటి మాటలు. వాటిని ఇంగ్లిషు మాటలుగా చూడడం, ఇంగ్లిషు రాతలో గుర్తుపట్టడం బడిలో ఎవరూ నేర్పకపోవడం వల్ల ఆ సంపద గల్లాపెట్టెలోనే ఉండిపోతోంది. తెలుగులోకి వచ్చేటప్పుడు చాలా మాటలు తమ అర్థాల్లో ఒకదాన్నే వెంట తెచ్చుకున్నాయన్న సంగతి కూడా అలాగే చెప్పవలసి ఉంది. సీడు అంటే ఇక్కడ రొయ్య పిల్లలు. ఇంగ్లిషు పుస్తకంలో విత్తనం. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క. పుస్తకంలో ఏదైనా లెక్కపెట్టడమే. ఏడో తరగతి అమ్మాయిని తప్పుదారి పట్టించిన కరెంటు, బ్యాంకు అన్న మాటల కథా ఇదే. ఆమెకు ఆ రెండు మాటలూ కొత్తవై ఉంటే ఆగి అడిగేదేమో. తెలిసినవి కావడం వల్లే ఆగలేదు.

ఎన్ని మాటలు తెలిస్తే ఒక పేజీ అర్థమవుతుందన్న ప్రశ్నను న్యూజిలాండుకు చెందిన పాల్ నేషన్ చాలా ఏళ్లు పరిశోధించారు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే పేజీలోని మాటల్లో నూటికి 98 తెలిసి ఉండాలని ఆయన, మరో పరిశోధకురాలు కలిసి 2000లో వెలువరించిన పరిశోధన సూచించింది. అంటే 300 మాటల పేజీలో తెలియనివి ఆరుకు మించకూడదు. పెద్దల కోసం రాసిన మామూలు ఇంగ్లిషు పుస్తకాన్ని ఆ స్థాయిలో చదవడానికి ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు, అంటే ఒకే మాట నుంచి పుట్టిన రూపాలన్నింటినీ ఒకటిగా లెక్కపెట్టిన గుంపులు, తెలియాలని 2006లో ఆయన లెక్కగట్టారు. హైస్కూలు వాచకంలో ఒక పేజీలో నలభై, యాభై మాటలకు కింద గీతలు గీసి అర్థాలు రాసుకుంటున్న పిల్లవాడు ఆ పేజీని చదవడం లేదు, విప్పుతున్నాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. విప్పడమూ అవసరమే, కానీ ఎప్పుడూ అదొక్కటే అయితే చదవడం అలవాటు కాదు.

వాక్యం నడక కూడా ఎదురు తిరుగుతుంది. ‘నిన్న రేవులో సైకిలు పోగొట్టుకున్న కుర్రాడు ఇవాళ రాలేదు’ అన్న తెలుగు వాక్యంలో వివరమంతా ముందు వచ్చి, ఆ తర్వాత కుర్రాడు, చివర క్రియ వస్తాయి. ఇంగ్లిషులో కుర్రాడు ముందుంటాడు, వివరం అతని వెనక తోకలా వేలాడుతుంది, అసలు క్రియ ఆ తోక దాటాక గానీ కనపడదు. సైకిలే ఇవాళ రాలేదని చదివే ప్రమాదం అక్కడ ఉంది. పద్యాన్ని విరిచి చదవడం తెలిసిన భాష మనది. అదే పద్ధతిలో ఇంగ్లిషు వాక్యాన్ని ఎక్కడ విరవాలో గీత గీసి చూపితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

మాతృభాష ఈ పనికి అడ్డమా, ఆసరానా అన్నది పాత తగవు. కెనడాలో వలస కుటుంబాల పిల్లలను గమనించిన జిమ్ కమిన్స్, ఒక భాషలో పెంపొందిన చదువు నేర్పు రెండో భాషకు ఆధారమవుతుందని 1979లో ప్రతిపాదించారు. ఆ పిల్లలు తోటివారితో మాట్లాడే ఇంగ్లిషును ఒకటి రెండేళ్లలో అందుకుంటున్నా, పాఠ్యపుస్తకాల ఇంగ్లిషులో తోటివారితో సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతోందని ఆయన చూపారు. చుట్టూ ఇంగ్లిషు నిండి ఉన్న దేశంలోనే అంత కాలం పడితే, బడి గంట కొట్టగానే ఇంగ్లిషు ఆగిపోయే ముమ్మిడివరంలోనో నరసాపురంలోనో రెండేళ్లలో ఫలితం చూపమని పిల్లలనూ ఉపాధ్యాయులనూ నిలదీయడం అన్యాయం. ఎలిజబెత్ బెర్న్‌హార్ట్ 2005లో ఇచ్చిన అంచనా ప్రకారం, రెండో భాషలో చదివే శక్తిలో మనిషికీ మనిషికీ కనపడే తేడాల్లో సుమారు 20 శాతం మాతృభాషలో ఉన్న చదువరితనం వల్ల, 30 శాతం ఆ రెండో భాషలో ఉన్న జ్ఞానం వల్ల వస్తుంది. మిగిలిన సగం ఆసక్తి, విషయ పరిచయం, చదివే పద్ధతి లాంటి అనేక కారణాల్లో ఉంటుంది.

తెలుగులో బాగా చదివే పిల్లవాడు ఇంగ్లిషులోకి వెంట తెచ్చుకునేది లిపి కాదు, వ్యాకరణం కాదు. పేజీలో ఉన్నదానికి అర్థం ఉండి తీరుతుందన్న నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాడు అర్థం కుదరని చోట ఆగుతాడు, వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తాడు. ఏటి మధ్య పడవ ఉండగా కరెంటు ఎక్కువైందని తెలుగులో ఎక్కడైనా రాసి ఉంటే ఆ లంక అమ్మాయి ఊరుకునేది కాదు, ‘ఏటిలో కరెంటేంటండీ?’ అని అడిగేది. ఇంగ్లిషు పేజీ దగ్గర అడగలేదంటే, ఇంగ్లిషు అంటే అర్థంతో పని లేకుండా పలకవలసినదన్న అభిప్రాయం ఆమెలో ఎప్పుడో స్థిరపడిపోయిందన్నమాట. అదనపు భాషలో చదవడం రాకపోవడానికి ఉన్న కారణాలన్నింటిలోకీ లోతైనది ఇదే, తక్కినవి దిద్దుకోవడం దీనికంటే తేలిక.

అందుకే తెలుగులో చదవడం గట్టిపడకముందే దాన్ని పక్కకు నెట్టడం ఇంగ్లిషుకే చేటు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు 2020 తర్వాత ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, దానికి ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిషులో ఉంటాయి. మాధ్యమం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ పుస్తకం చేతిలో ఉండడం మేలే. అయితే దాన్ని ఎలా తెరుస్తారన్నదే అసలు సంగతి. తెలుగు పేజీ చదివి, విషయం మాట్లాడుకుని, ఆ తర్వాత ఇంగ్లిషు పేజీలోకి వెళితే పిల్లవాడు ఏం వెతకాలో తెలిసి వెతుకుతాడు. తెలుగు పేజీతో పని ముగించి ఎదురు పేజీని పరీక్షకు బట్టీ పట్టిస్తే రెండు పేజీలూ వృథా. బడి పుస్తకం పిల్లవాడికి తెలియని భాషలో ఉంటే ఏమవుతుందన్న చర్చ ఈ డెల్టాకు కొత్త కూడా కాదు. ఇంట్లో మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని గ్రాంథికానికీ ఉన్న దూరం పిల్లల చదువును దెబ్బతీస్తోందని వాదించిన గిడుగు రామమూర్తి, 1919లో వ్యావహారిక భాష కోసం సమాజాన్ని స్థాపించింది రాజమహేంద్రవరంలో. దానికి అధ్యక్షులుగా ఉన్నది కందుకూరి వీరేశలింగం. ఈనాడు ఒడిశా నుంచి రొయ్యల పరిశ్రమ పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు డెల్టా బడుల్లో చేరితే, వారికి తెలుగే అదనపు భాష. తెలుగు పిల్లవాడు ఇంగ్లిషు దగ్గర పడే పాట్లన్నీ వారు తెలుగు దగ్గర పడతారు, పైగా ఆ తర్వాత ఇంగ్లిషు ఉండనే ఉంది.

నేర్చుకునేవారికి సులువైన పుస్తకాలు విరివిగా దొరకడం గురించి పరిశోధనలో దాదాపు ఏకాభిప్రాయం ఉంది. ఫిజీ దీవుల్లోని పల్లె బడుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ చేసిన ప్రయోగాన్ని 1983లో ప్రచురించారు. నాలుగు, ఐదు తరగతుల గదుల్లో ఆకట్టుకునే ఇంగ్లిషు కథల పుస్తకాలు సుమారు 250 పెట్టి, రోజూ కాసేపు వాటితో గడపనిచ్చారు. కొన్ని తరగతుల్లో పిల్లలు తమంతట చదువుకున్నారు, కొన్నింటిలో ఉపాధ్యాయుడు పెద్ద బొమ్మల పుస్తకాన్ని అందరికీ కనపడేలా పెట్టి కలిసి చదివించారు. పాత పద్ధతిలో పాఠాలు అప్పచెప్పిన బడుల కంటే ఈ పిల్లలు చదవడంలో దాదాపు రెట్టింపు వేగంతో ముందుకు వెళ్లారు. రెండో ఏడాది ముగిసేసరికి ఆ లాభం రాయడంలో కూడా కనపడింది. 1903 నుంచి మద్రాసు మీదుగా కూలీలుగా ఓడలెక్కిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు ఉన్న దేశం అది. అక్కడి పల్లె బడి స్థితిగతులు మన లంక బడికి అంత దూరమైనవేమీ కావు.

ఇక్కడ పుస్తకాల మాట ఎత్తితే డబ్బు లేదంటారు. గ్రంథాలయోద్యమానికి పితామహుడని పేరు పొందిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు ఈ గడ్డ మీదే ఉంది. ఊరూరా చందాలు వేసుకుని పుస్తకాలు సమకూర్చుకున్న ప్రాంతంలో ఒక తరగతి గదికి యాభై సన్నపాటి కథల పుస్తకాలు దొరకకపోవడం బాధాకరం. అవి తరగతి స్థాయి కంటే సులువుగా ఉండాలి. బెంగాల్లో ఇంగ్లిషు బోధన మీద పనిచేసిన మైకేల్ వెస్ట్ ఈ సంగతిని 1920లలోనే గ్రహించి, కొత్త మాటలను ఎడం ఎడంగా చల్లుతూ, ఒకసారి వచ్చిన మాట మళ్లీ మళ్లీ వచ్చేలా వాచకాలు రాశారు. అంతకు ముందే, మచిలీపట్నంలోనూ రాజమహేంద్రవరంలోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, తనలా తెలుగు నేర్చుకునేవారి కోసం కావ్యాలతో సరిపెట్టకుండా సొంత ఉత్తరాలు, వ్యాపారపు రాతలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు చేర్చి ఒక వాచకం కూర్చారు. రోజూ ఎదురయ్యే రాతతోనే చదవడం వస్తుందని పరాయి భాష నేర్చుకున్న అనుభవం ఆయనకు చెప్పి ఉంటుంది.

ఇక రాయడం. చదవడం లాగే తెలుగులో ‘రాత’ అన్న మాట కూడా చాలా పనులను కప్పేస్తుంది. నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దడం, నల్లబల్ల మీద ఉన్నది ఎక్కించుకోవడం, డిక్టేషన్, గైడులోని జవాబు చూసి రాయడం, అన్నీ రాతే. గోదావరి జిల్లాల పిల్లల ఇంగ్లిషు నోటు పుస్తకాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంటాయి. వాటిలో పిల్లలు సొంతంగా కట్టిన వాక్యం వెతికితే పేజీకి ఒకటి దొరకడం కష్టం. ‘మై విలేజ్’ వ్యాసం అన్ని ఊళ్లలోనూ ఒకటే. ‘మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్, దేర్ ఆర్ మెనీ ట్రీస్’ అన్న వాక్యాలు గోదావరి గట్టున ఉన్న ఊరికీ వర్తిస్తాయి, గట్టే లేని ఊరికీ వర్తిస్తాయి. కార్ల్ బెరైటర్, మార్లిన్ స్కార్డమేలియా 1987లో రాయడంలో రెండు తీరులను వేరుచేసి చూపారు: గుర్తున్నది గుర్తున్నట్టు దించేయడం ఒకటి, రాస్తూ రాస్తూ చెప్పదలచుకున్నదాన్ని మలచుకోవడం మరొకటి. అప్పచెప్పిన వ్యాసం మొదటి దానికి కూడా చాలదు, ఎందుకంటే అందులో గుర్తున్నది వేరొకరి మాట.

లంక అమ్మాయి తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు అనుకుందాం. ‘మీ నాన్నగారి పని గురించి రాయమ్మా’ అని మాస్టారు అడిగారు. ముందు తెలుగులో చెప్పనిచ్చారు. ఆమె నిమిషాల కొద్దీ చెప్పింది: తెల్లవారకుండా వెళ్లడం, కాళ్లకు తాడు వేసుకుని ఎక్కడం, పైన గెల నరకడం, కింద అమ్మ కాయలు లెక్కపెట్టి రాశి పోయడం. ఆ వరుసను నాలుగు తెలుగు ముక్కల్లో పెట్టుకుని ఇంగ్లిషులో రాస్తే మొదటి ప్రతి ఇలా వచ్చింది: ‘మై ఫాదర్ మార్నింగ్ గో. లెగ్స్ రోప్ టై. హి క్లైంబ్ ట్రీ. కోకోనట్స్ కట్. మై మదర్ డౌన్ కౌంట్, హి మేక్ హీప్.’ తప్పులన్నింటికీ ఎర్ర సిరా పెడితే పేజీ ఎర్రబడిపోతుంది. కానీ ఒక్కొక్క తప్పుకూ ఒక్కొక్క కారణం ఉంది. క్రియ చివరకు పోయింది, తెలుగులో దాని చోటు అదే కాబట్టి. అమ్మకు ‘హి’ పడింది, ఇంట్లో నాన్ననైనా అమ్మనైనా ‘తను’ అనడం అలవాటు కాబట్టి. ‘ఏ’, ‘ద’ అన్న చిన్న మాటలు ఎక్కడా లేవు, తెలుగులో వాటికి సమానమైన చోటే లేదు కాబట్టి. తప్పుల కింద ఉన్న కథ మాత్రం వరుస తప్పలేదు. చెట్టు ఎక్కడం నుంచి రాశి దాకా ఏది ముందో ఏది వెనకో చదివినవారికి తెలుస్తోంది.

తప్పులు దిద్దడం వల్ల రాత బాగుపడదని జాన్ ట్రస్కాట్ 1996లో గట్టిగా వాదించారు, దాని మీద చాలా ఏళ్లు తగవు నడిచింది. తర్వాతి పరిశోధనలో తేలినదాన్ని బట్టి చూస్తే, ఒకటి రెండు రకాల తప్పులను ఎంచుకుని వాటినే వరుసగా దిద్దితే ఉపయోగం ఉంటుంది, అన్నింటినీ ఒకేసారి గీకితే పిల్లవాడు రాయడమే తగ్గించుకుంటాడు. కాబట్టి మాస్టారు ఈ పేజీలో ‘హి’, ‘షి’ తేడా, క్రియ చోటు, ఈ రెండే పట్టుకున్నారనుకుందాం. ‘ఏ’, ‘ద’లను వదిలేశారు, అవి తెలుగువారికి చాలా ఆలస్యంగా స్థిరపడతాయి, ఏళ్ల తరబడి ఇంగ్లిషులో ఉద్యోగం చేసినవారు కూడా వాటి దగ్గర జంకుతారు. దిద్దడం కంటే ముఖ్యంగా ఒక ప్రశ్న అడిగారు: ‘వాన పడితే నాన్నగారు ఏం చేస్తారు?’

ఆ ప్రశ్న మొదటి ప్రతిలో లేని సంగతిని బయటికి లాగింది. తడిసిన చెట్టు ఎక్కరు, ఆ రోజు కూలి ఉండదు. దాన్ని ఇంగ్లిషులో పెట్టడానికి ఆమె దగ్గర ఒక మాట తక్కువైంది. చెట్టు జారుతుందని ఎలా అనాలి? కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, సంచిలోంచి వాచకం తీసి, పడవ కథ ఉన్న పేజీ దాకా తిప్పి, కరెంటు ఉన్న వరుసలోనే వేలు పెట్టి చూసుకుంది. బ్యాంకు అంటే అక్కడ గట్టని ఈపాటికి తెలుసుకుంది కాబట్టి, గట్టును పట్టుకుని ఉన్న పక్క మాట ఏమిటో కూడా తెలిసింది. రెండో ప్రతి చివర ఈ వాక్యం చేరింది: ‘రెయిన్ కమ్స్, ట్రీ ఈజ్ స్లిపరీ, మై ఫాదర్ డజ్ నాట్ క్లైంబ్.’